కవరు బొమ్మ, బెలుం గొడవ

మన తెలుగువాళ్ళకి ఆల్బమ్ కవరు అనేది విడిగా పెద్దగా లేదనే చెప్పాలి. స్మిత లాంటి వాళ్ళు వేసిన ప్రైవేటు ఆల్బములు కొన్ని పక్కన పెడితే మనకి పాటంటే సినిమా పాట, కవరంటే సినిమా పోస్టరు. క్యాసెట్ల రోజుల్లో ఆ పోస్టరునే కుదించి, అరచేయంత కాగితంలో ఇరికించి, మడతపెట్టి డబ్బాలో పెట్టేవాళ్ళు. ముందు హీరోగారి మొహం. హీరోయిన్ ఉంటే ఆయన భుజం వెనకాల. పాట రాసినాయన, పాడినావిడ లోపలి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో. మా ఇంట్లో బీరువా కింది అరలో నాన్న దాచిన క్యాసెట్లు ఇప్పటికీ ఓ నలభై ఉన్నాయి. టేప్ రికార్డర్ మాత్రం ఎప్పుడో పోయింది. ఇప్పుడా కాగితం కూడా పోయి, ఫోన్లో గోరంత చదరం మిగిలింది. అందులోనూ హీరోగారి మొహమే.

అందుకని మనవాళ్ళు కవరు మీద కాదు, పోస్టరు మీద కొట్టుకుంటారు. బాపు గారి 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి వేల సినిమాలకి పోస్టర్లు వేసిన ఈశ్వర్ గారి కాలం నుంచీ ఉన్నదే ఇది. ఇద్దరు హీరోలుంటే ఎవరి తల ఎన్ని అంగుళాలో స్కేలు పెట్టి కొలుస్తారు. 2015లో బాహుబలి పోస్టర్లో నీళ్ళమీదికి పసిబిడ్డని ఎత్తిపట్టిన చెయ్యి కనబడగానే, ఇది ఫలానా ఇంగ్లీషు సినిమాలోదే అని సగం మంది, కాదని సగం మంది. ఇవన్నీ సరదా గొడవలు. టీ తాగేలోపు అయిపోతాయి.

అయిపోని గొడవ ఒకటుంది. 2013 డిసెంబరు నాటిది. పన్నెండేళ్ళ తర్వాత అదొచ్చి మా కారులో పేలింది, తాడిపత్రి దాటాక.

ముందు బ్యాచ్ గురించి చెప్పాలి. నేను. నా రూమ్మేటు, తెనాలి వాడు, మహేశ్ బాబుకి వీరాభిమాని (బుర్రిపాలెం మా పక్కనే అని రోజుకోసారి గుర్తుచేస్తుంటాడు, అదేదో వాడి ఘనత అయినట్టు). మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆళ్ళగడ్డ అమ్మాయి. ఆవిడ చెల్లెలు, నంద్యాలలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సెలవలకి బెంగళూరులో అక్క దగ్గరికొచ్చి వెనక్కి వెళ్తోంది. దారిలో బెలుం గుహలు చూసుకుని, ఆళ్ళగడ్డలో ఆ పిల్లని దింపి, మర్నాడు అహోబిలం వెళ్ళి రావాలని ప్లాను. 2025 చివర్లో సంగతి.

తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరాక, పాటలు పెట్టే బాధ్యత చెల్లెలు తీసుకుంది. సబ్రీనా కార్పెంటర్ ఆల్బమ్ పెట్టింది, 'మ్యాన్స్ బెస్ట్ ఫ్రెండ్'. కారు స్క్రీను మీద ఆ కవరు వచ్చింది. తెలియనివాళ్ళ కోసం: ఆ అమ్మాయి నల్ల గౌనులో మోకాళ్ళ మీద ఉంటుంది, సూటు వేసుకున్న మగాడొకడు పక్కన నిలబడి ఆమె జుట్టు పట్టుకుని ఉంటాడు. వాడి మొహం ఫోటోలో లేదు. ఇంగ్లీషువాళ్ళు ఆల్బమ్ పేరులోని మాటతో కుక్కని పిలుస్తారు. 2025 జూన్‌లో ఈ కవరు బయటపెట్టగానే పెద్ద రగడ. స్కాట్లండులో గృహహింసకి గురైన ఆడవాళ్ళ కోసం పనిచేసే సంస్థ ఒకటి తప్పుబట్టింది. అభిమానుల్లోనే రెండు వర్గాలయ్యాయి. ఇది వ్యంగ్యం, అర్థం చేసుకోలేనివాళ్ళది తప్పు అని ఒకరు. వ్యంగ్యమైతే ఆ వ్యంగ్యం ఫోటోలో ఎక్కడుంది చూపించు అని ఇంకొకరు. రెండు వారాలకి ఆవిడ వేరే కవరు ఒకటి వదిలింది, తెలుపు నలుపుల్లో, పెద్దమనిషి చెయ్యి పట్టుకుని బుద్ధిగా నిలబడి. దీన్ని దేవుడు కూడా ఒప్పుకున్నాడని వెటకారంగా రాసి మరీ. ఆల్బమ్ ఆగస్టు 29న వచ్చింది.

మావాడు ఆ బొమ్మ చూశాడు. "ఏంటి చెల్లెమ్మా ఇది, ఆడపిల్లని ఇలా కూర్చోబెట్టి... ఛీ" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు పాపం. నటన కాదు.

వెనక సీట్లోంచి టెస్టర్ గారు నెమ్మదిగా, "నువ్వేనా మాట్లాడేది?" అన్నారు.

అంతే.

'1 నేనొక్కడినే' గుర్తుందా? సుకుమార్ సినిమా, 2014 జనవరి 10న వచ్చింది. రిలీజుకి ముందు ఒక పాట పోస్టరు వదిలారు. సముద్రపొడ్డున మహేశ్ బాబు ముందు నడిచి వెళ్తుంటాడు. వెనకాల హీరోయిన్ కృతి సనన్ చేతులూ మోకాళ్ళ మీద, ఇసకలో. సమంత ట్విట్టర్‌లో, సినిమా పేరు చెప్పకుండా, ఒక తెలుగు సినిమా పోస్టరు చూశాను, చాలా వెనకబాటుగా ఉంది అని రాసింది. ఆ పోస్టరు ఏదో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మహేశ్ అభిమానులు ఆవిడ మీద పడ్డారు. పోస్టరు గురించి ఎవడూ మాట్లాడలేదు, అందరూ సమంత గురించే. మహేశ్ పక్కన 'దూకుడు' (2011) చేసింది కదా, 2013 సంక్రాంతికి 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' చేసింది కదా, అన్నం పెట్టిన చెయ్యి, విశ్వాసం, ఇలాంటివన్నీ. (విశ్వాసం అనే మాట మళ్ళీ కుక్క దగ్గరికే తీసుకెళ్తుంది, గమనించారా.)

మావాడి వాదన నాకు కంఠతా వచ్చు, హాస్టల్ రోజుల నుంచీ వింటున్నా. ఒకటి, పాటలో చూస్తే అది సరదాగా ఉంటుంది, పోస్టరు ఒక్కటే చూసి మాట్లాడకూడదు. రెండు, ఆవిడ పాటల్లో మాత్రం ఏం తక్కువ. మూడు, ఏదైనా ఉంటే ఫోన్ చేసి చెప్పొచ్చుగా, నలుగురిలో ఎందుకు.

మొదటిదానికి నా దగ్గర లెక్క ఉంది. నాలుగు నిమిషాల పాట, సెకనుకి 24 ఫ్రేములు, మొత్తం 5,760. పోస్టర్లకి స్టిల్ ఫోటోగ్రాఫర్ విడిగా తీస్తాడు, ఆయన తీసినవి ఇంకో కొన్ని వందలు వేసుకోండి. ఇన్నిటిలోంచి ఒక్కటి ఎవరో కూర్చుని ఏరారు. దాని మీద టైటిల్ పెట్టారు, ఇంకెవరో ఓకే అన్నారు, తర్వాత బయటికొచ్చింది. పాటలో అది మూడు సెకన్ల అల్లరి అయ్యుండొచ్చు. పోస్టరులో పాట లేదు, ఆ మూడు సెకన్లకి ముందేముందో వెనకేముందో లేదు. ఆ ఒక్క ఫ్రేమే శాశ్వతం. ఏరినవాళ్ళకి ఆ సంగతి తెలియదనుకోవడం వాళ్ళ తెలివిని అవమానించడమే. పోస్టరు ఒక్కటే చూసి మాట్లాడకూడదంటే, పోస్టరు అంటించేదే ఒక్కటీ చూసి జనం టిక్కెట్టు కొనాలని.

రెండోదానికి, మూడోదానికి టెస్టర్ గారు ఒక్క దెబ్బలో సమాధానం చెప్పారు. "నేను బగ్ రైజ్ చేస్తే మీరిద్దరూ ఏం చేస్తారు? నీ సెటప్ తప్పు, నీ డేటా తప్పు, పోయినసారి నువ్వు మిస్ చేసిన బగ్ సంగతేంది, మెయిల్లో అందరినీ ఎందుకు పెట్టావు, పింగ్ చేయొచ్చు గదా. బగ్ ఉందా లేదా మాత్రం చూడరు. అదే ఇది."

కారులో కాసేపు నిశ్శబ్దం. సబ్రీనా మాత్రం పాడుతూనే ఉంది.

నేను అనుకున్నది చెల్లెలు అక్క పక్షం అని. కాదు. ఆ కవరు కరెక్టే అంటుంది. "పేరు తనది, పాటలు తనవి, మొహం తనది. తనే కూర్చుంది, తనే ఓకే చెప్పింది. అన్నా, పాటలు వినండి, మొత్తం మగోళ్ళని ఏడిపించేటివే" అంది. అక్క ఒప్పుకోలేదు. "వినేవాళ్ళకి సరే. వినకుండా బొమ్మ మాత్రం చూసేవాళ్ళకో?" ఇది కొంచెం ముందు నేను చెప్పిన పోస్టరు లెక్కే. అంటే నా లెక్క ప్రకారం సబ్రీనా కవరు కూడా తప్పే అవ్వాలి. నా మనసు మాత్రం అట్లా పోవట్లేదు. రెండు బొమ్మల్లోనూ భంగిమ దాదాపు ఒకటే, అయినా ఒకటి చూస్తే కోపం వస్తోంది, ఇంకోటి చూస్తే ఆలోచన వస్తోంది. ఎందుకో తేలేలోపు బెలుం వచ్చేసింది.

బెలుం చూడనివాళ్ళు కొండగుహ ఊహించుకుంటారు. కొండ ఉండదు. రెండు వైపులా చదునుగా పొలాలు, నాపరాయి గనులు, గట్ల వెంట నిలబెట్టిన నాపబండలు. కొలిమిగుండ్ల మండలం ఇది, 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. పొలాల మధ్యలో నేలకి బావుల్లాంటి గోతులు. ఒక దాంట్లోకి మెట్లు దిగితే కింద ఊరంత గుహ. 'బిలం' అన్న మాటే బెలుం అయిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు దీని గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల మొదట్లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలిచాడు. మొత్తం 3,229 మీటర్లు. 2002లో జనానికి తెరిచారు, అందులో మనం నడవగలిగేది ఒకటిన్నర కిలోమీటరు. పక్క ఊళ్ళవాళ్ళు అంతకుముందు దీంట్లో చెత్త పోసేవాళ్ళని చెప్పుకుంటారు. మన దగ్గర ఏదైనా అంతే కదా, జర్మన్ వచ్చి కొలిస్తే గానీ.

లోపల ఉక్క. పైనుంచి గొట్టాలతో గాలి పంపిస్తారు గానీ సింహద్వారం దాటేసరికే చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. ఫోన్లలో సిగ్నల్ పోయింది, దాంతో సబ్రీనా కూడా పోయింది. గొడవ మాత్రం పోలేదు, గుహలో ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది కాబట్టి ఇంకాస్త పెరిగింది. కోటిలింగాల దగ్గర పైనుంచి వేలాడే సున్నపు కొమ్ములు, పసుపు దీపాల వెలుగులో అచ్చం బంగారం. ఇంటర్నెట్‌లో బెలుం ఫోటోలన్నీ ఇదే రంగు. మావాడు ఫోన్ టార్చి వేశాడు. తెల్లటి వెలుగు పడినచోట బంగారం పోయి బూడిద రంగు రాయి కనబడింది. మన వంటింటి గట్టు మీద పరిచే బండ లాంటిదే. "చూశావా, ఇదంతా లైటింగే" అన్నాడు, ఏదో కనిపెట్టినట్టు.

నాకు అక్కడ లెడ్ జెప్లిన్ వాళ్ళ 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' (1973) కవరు గుర్తొచ్చింది. ఉత్తర ఐర్లండులో జెయింట్స్ కాజ్‌వే అని ఆరుపలకల రాతిస్తంభాలు, వాటి మీద పాకుతూ ఎక్కుతున్న బంగారు జుట్టు పిల్లలు, నారింజ రంగు ఆకాశం. ఏదో వేరే లోకంలా ఉంటుంది. అసలు జరిగిందేంటంటే, హిప్నోసిస్ సంస్థ ఫోటోగ్రాఫర్ ఆబ్రీ పవెల్ అక్కడికి వెళ్తే రోజుల తరబడి ముసురు. అనుకున్న ఎండ రాలేదు. తెలుపు నలుపుల్లో తీసుకొచ్చి, తర్వాత చేత్తో రంగులు అద్దించారు. ఎక్కుతున్న పిల్లలు కూడా ఇద్దరే, అక్కా తమ్ముడూ. వాళ్ళనే మళ్ళీ మళ్ళీ అతికించారు. అది మోసమా అంటే నేను అనను. బెలుంలో పసుపు దీపం మోసం కానట్టే. రాయి మనకి నచ్చేలా వెలిగించుకోవచ్చు, రాయిని ఎవరూ అడగక్కర్లేదు. మనిషి సంగతి వేరే. ఇదే విషయం పైకి అన్నా కూడా.

అక్కడే ఇంకోటి జరిగింది. ఏ కాలేజీవాళ్ళో ఐదారుగురు కుర్రాళ్ళు రీల్ తీసుకుంటున్నారు. ఒకడి కెమెరా చెల్లెలు వైపు కాస్త ఎక్కువసేపే ఆగింది. మావాడు చొక్కా చేతులు మడతపెట్టడం మొదలుపెట్టాడు, తెనాలి పౌరుషం. ఆ పిల్ల "అన్నా, నువ్వుండు" అని తనే వెళ్ళింది. "నేను పడ్డాను, తీసేయండి" అంది, అంతే, గొంతు పెంచకుండా. ఆ కుర్రాడు అక్కడికక్కడే ఆమె ముందే డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేసి చూపించాడు. "సారీ అక్కా" అన్నాడు, వాడే ఆమెకంటే రెండేళ్ళు పెద్దలా ఉన్నాడు. పది సెకన్ల పని. వెనక్కొచ్చాక మావాడు, "మరి ఆ కవరు కరెక్టన్నావ్‌గా, ఫోటోకే ఇంత పట్టింపేంటి?" అన్నాడు. ఆ పిల్ల వాడివైపు ఎట్లా చూసిందంటే... "అన్నా, ఆమెను ఆమే తీయించుకునింది. నన్ను వీళ్ళు తీసినారు" అంది.

నాకు కారులో తేలనిది అక్కడ కొంత తేలింది. ఇసకలో పాకిన బొమ్మలో ఆ అమ్మాయికి అది మొదటి తెలుగు సినిమా. ఎదురుగా మహేశ్ బాబు, సుకుమార్. ఆ స్టిల్ పోస్టరుగా వేస్తాం, నీకు ఇష్టమేనా అని ఎవరైనా అడిగారో లేదో నేను చెప్పలేను, కానీ అడిగితే వద్దని చెప్పే స్థితిలో కొత్త హీరోయిన్ ఉంటుందని మన ఇండస్ట్రీ గురించి కాస్త తెలిసినవాడెవడూ అనడు. సబ్రీనా వద్దంటే ఆ కవరు లేదు. అంతమాత్రాన ఆ బొమ్మ మంచిదైపోదు. అక్క అడిగిన ప్రశ్న అక్కడే ఉంది, వినకుండా చూసేవాళ్ళకి అది జుట్టు పట్టుకున్న మగాడే. అయితే ఆ తప్పొప్పులు ఆవిడ ఖాతాలో పడతాయి, ఆవిడే సమాధానం చెప్పుకుంటుంది, చెప్పుకుంది కూడా. ఇక్కడ ఖాతాలో పడింది పోస్టరు వేసినవాళ్ళకీ కాదు, పాకిన అమ్మాయికీ కాదు. బాలేదన్న మూడో ఆడమనిషికి పడింది.

పాతాళగంగ దగ్గరికి దిగాం. గుహ మొత్తంలో లోతైన చోటు అదే, 46 మీటర్లు. సన్నగా నీళ్ళు పారుతూ ఎక్కడికో పోతాయి. అక్కడ గట్టు మీద ఊపిరి తీసుకుంటూ కూర్చున్నప్పుడు టెస్టర్ గారు తన పాత కంపెనీ సంగతి చెప్పారు. పేరు అనవసరం. చేరిన ఆరు నెలలకి ఒకరోజు హెచ్చార్ వాళ్ళు ఫోటోగ్రాఫర్‌ని తీసుకొచ్చి, ఈమెని వైట్‌బోర్డు ముందు నిలబెట్టి, చేతికి మార్కర్ ఇచ్చి, నవ్వమన్నారట. బోర్డు మీద ఉన్నది ఎవరిదో ఆర్కిటెక్చర్ డయాగ్రం. చుట్టూ నలుగురు మగవాళ్ళు ఆమె చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు నిలబడ్డారు. ఇంటర్నల్ న్యూస్‌లెటర్‌కి అన్నారు. మూడు నెలల తర్వాత అది కంపెనీ బ్రోషర్ కవరు అయింది. మా దగ్గర ఆడవాళ్ళు ముందుండి నడిపిస్తారు అని పెద్దక్షరాలు.

"ఆ నలుగురిలో ఇద్దరు నా రివ్యూ ప్యానెల్. ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. లీడర్‌షిప్ కనబడలేదంట" అన్నారు. నవ్వుతూనే చెప్పారు. తీసేయమని హెచ్చార్‌కి మెయిల్ పెడితే, "ఫోటోలో చాలా బాగున్నారు కదా, ప్రాబ్లం ఏంటి?" అని జవాబొచ్చిందట. ఇంకో రెండేళ్ళు అదే కవరు. క్యాంపస్ రిక్రూట్‌మెంట్లకి వెళ్తే స్టాండీ మీద కూడా తనే, మనిషెత్తున. ఎవరో జూనియర్ వచ్చి, మీరు ఆ ఫోటోలో అమ్మాయే కదా, మీరు ఆర్కిటెక్టా అని అడిగిందట.

ఆ ఫోటోలో భంగిమకి ఏ వంకా పెట్టలేం. మోకాళ్ళ మీద లేదు, జుట్టు ఎవరూ పట్టుకోలేదు, మగవాళ్ళే వింటున్నారు. ఏ మహిళా సంఘమూ అభ్యంతరం చెప్పదు, పైగా అవార్డిస్తుంది. చెల్లెలికి ఈ సంగతి అంతకుముందు తెలియదనుకుంటా. "చెప్పలేదేమక్కా?" అంది. "చెప్పేదానికి ఏముంది, ఫోటో బాగుందంటివి గదా నువ్వు. వాట్సాప్‌లో పెట్టుకుంటివి" అంది అక్క.

మావాడు ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం నేను చూడటం, ఈ నాలుగేళ్ళలో అది రెండోసారి. మొదటిసారి 'బ్రహ్మోత్సవం' (2016) టీవీలో చూశాక. (ఆ సినిమాలో మహేశ్ పక్కన సమంత ఉంది. అంటే పని చేసేవాళ్ళు మళ్ళీ పని చేసుకున్నారు, గొడవ మోసింది అభిమానులే. ఆ సినిమా ఆడిన తీరుకి వాళ్ళకి పోస్టరుకంటే పెద్ద కష్టాలు వచ్చిపడ్డాయి, అది వేరే కథ :))

సప్తస్వరాల గుహ చూసి పైకొచ్చేసరికి ఎండ పడిపోయింది. తడితే ఒక్కో రాయి ఒక్కో స్వరం పలుకుతుందని దానికి పేరు. బయట పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర నలుగురం ఒక ఫోటో తీసుకున్నాం. తీసే ముందు మావాడు ఎన్నడూ లేనిది, "అందరికీ ఓకేనా?" అని అడిగాడు. అడిగిన తీరుకి అందరం నవ్వాం. ఫోటోలో నలుగురమూ పళ్ళికిలించి, చెమటకి తడిసి, ఎవరి కవరుకీ పనికిరాకుండా ఉన్నాం.

ఆళ్ళగడ్డ దారిలో చీకటి పడ్డాక వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, గొంతు తగ్గించి. "సరే, పోస్టరు వేరేది వేసుండొచ్చు. ఒప్పుకుంటా. కానీ సినిమా మాత్రం అన్యాయంగా పోయింది. నువ్వసలు చూశావా?"

"చూసినా" అంది టెస్టర్. "రెండుసార్లు. క్లైమాక్సులో ఆ ఇల్లు దొరికినప్పుడు ఏడ్చినా కూడా."

"మరి అప్పుడు చెప్పలేదేం!" అని వాడు స్టీరింగు వదిలేసినంత పని చేశాడు. అక్కణ్ణుంచి ఊరొచ్చేదాకా సుకుమార్ స్క్రీన్‌ప్లే గురించే.